ఎర్ర గీత ఒకటి, గేరు మార్చే చోటు మరొకటి

కారు ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే మీటరును ట్యాకోమీటరు అంటారు. ఆ మీటరులో అంకెల వరుస చివర ఎర్ర రంగు పూసిన భాగం ఒకటి ఉంటుంది, అది మొదలయ్యే చోటే ఎర్ర గీత. ఇంజిన్‌లోని లోహపు భాగాలు దీర్ఘకాలం భరించగల వేగానికి తయారీదారు గీసిన హద్దు అది. స్పోర్ట్స్ కారు నడిపేవారిలోనూ, నడపాలని ఆశపడేవారిలోనూ ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది: వేగం కావాలంటే ప్రతి గేరులోనూ ముల్లును ఎర్ర గీత దాకా లాగి ఆ పైన మాత్రమే గేరు మార్చాలని. ఈ నమ్మకం కొన్ని ఇంజిన్ల విషయంలో పూర్తిగా నిజం, మరికొన్నింటి విషయంలో కేవలం చప్పుడు. ఎందుకంటే ఇంజిన్ ఎంత తిరగగలదన్నది ఒక ప్రశ్న, గేరు ఎక్కడ మార్చాలన్నది దానితో సంబంధం అంతగా లేని మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు లోహంలో ఉంది, రెండోదానికి జవాబు గేరుబాక్సులోని పళ్ల లెక్కలో ఉంది.

ఈ రెండు ప్రశ్నలను విడదీసి చూడటానికి విశాఖపట్నం కంటే అనువైన ఊరు దొరకడం కష్టం. నిమిషానికి వంద చుట్లు తిరిగే ఇంజిన్ మొదలుకొని ఏడెనిమిది వేల చుట్లు తిరిగే ఇంజిన్ దాకా అన్ని రకాలూ ఇక్కడ కొన్ని కిలోమీటర్ల దూరంలోనే పనిచేస్తుంటాయి. 1933లో మొదలైన విశాఖ రేవులోకి బొగ్గు, ఖనిజం మోసుకొచ్చే భారీ బల్క్ ఓడలను నడిపేది నెమ్మదిగా తిరిగే రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజిన్. పనామాక్స్ తరగతి ఓడల్లో విరివిగా కనిపించే ఎస్60ఎంసీ-సీ అనే ఇంజిన్‌నే తీసుకుంటే, దాని సిలిండరు వ్యాసం 600 మిల్లీమీటర్లు, పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలే దూరం, అంటే స్ట్రోక్, 2,400 మిల్లీమీటర్లు, పూర్తి వేగం నిమిషానికి 105 చుట్లు మాత్రమే. వాల్తేరు డీజిల్ షెడ్‌కు దశాబ్దాలపాటు చిరపరిచితమైన ఆల్కో రైలింజిన్‌లో స్ట్రోక్ సుమారు 267 మిల్లీమీటర్లు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు దాదాపు 400 చుట్లు, థ్రాటిల్ చివరి మెట్టయిన ఎనిమిదో నాచ్‌లో పూర్తి బలంతో లాగుతున్నప్పుడు రకాన్ని బట్టి 1,000 నుంచి 1,050 చుట్లు తిరుగుతుంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున ఉన్న నాలుగు టర్బైన్లూ నిమిషానికి 3,000 చుట్లకు కట్టుబడి తిరుగుతాయి. దేశమంతటా కరెంటు 50 హెర్ట్జ్‌లో ఉండాలి గనుక అక్కడ వేగం పెరగడానికీ తగ్గడానికీ వీల్లేదు, ఏదో కారణాన లోడు తెగిపోయి టర్బైన్ వేగం దాదాపు పదో వంతు మించితే ఆవిరి కవాటాలు వాటంతటవే మూసుకుపోతాయి. బీచ్ రోడ్డు మీద తిరిగే మామూలు పెట్రోలు కారుకు 6,000 చుట్లు దాటాక ఎర్ర గీత ఎదురవుతుంది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఓడ ఇంజిన్ బద్ధకంగానూ కారు ఇంజిన్ ఉరుకులు పరుగులతోనూ ఉన్నట్టు తోస్తుంది గానీ, చుట్ల లెక్క ఒక్కటే చూస్తే అసలు సంగతి బోధపడదు. సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ ఎంత వేగంగా కదులుతున్నదో చూడాలి. ఒక చుట్టుకు పిస్టన్ స్ట్రోక్‌కు రెండింతల దూరం ప్రయాణిస్తుంది. దాన్ని నిమిషానికి చుట్లతో గుణించి అరవైతో భాగిస్తే సెకనుకు సగటున ఎన్ని మీటర్లో వస్తుంది. ఆ లెక్కన పైన చెప్పిన ఓడ ఇంజిన్ పిస్టన్ వేగం సెకనుకు 8.4 మీటర్లు, 1,000 చుట్ల మీద ఆల్కో ఇంజిన్‌ది 8.9 మీటర్లు. చుట్లలో దాదాపు పదింతల తేడా ఉన్న రెండు ఇంజిన్లు పిస్టన్ వేగంలో ఇంచుమించు ఒకే చోట నిలవడం కాకతాళీయం కాదు. ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేయవలసిన యంత్రానికి ఇంజనీర్లు ఎంచుకునే వేగం అది. 72 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న మారుతి 800 ఇంజిన్ 6,000 చుట్లు తిరిగితే పిస్టన్ వేగం 14.4 మీటర్లు. ఇక 1999లో వచ్చిన హోండా ఎస్2000 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో రెండు లీటర్ల ఇంజిన్ స్ట్రోక్ 84 మిల్లీమీటర్లు, ఎర్ర గీత 9,000 దగ్గర. పిస్టన్ వేగం 25.2 మీటర్లు. 2006 నుంచి 2013 వరకు ఫార్ములా వన్‌లో వాడిన 2.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ స్ట్రోక్ సుమారు 39.8 మిల్లీమీటర్లు కాబట్టి, 18,000 చుట్ల మీద దాని పిస్టన్ వేగం దాదాపు 24 మీటర్లే. అంటే షోరూములో కొనుక్కునే కారు పిస్టన్ ఒకటి రేసు కారు పిస్టన్‌తో సమాన వేగంతో పరుగెత్తింది. అయితే రేసు ఇంజిన్‌లో పిస్టన్ ఆ వేగాన్ని సగం కంటే తక్కువ దూరంలోనే అందుకుని ఆగవలసి ఉంటుంది గనుక దాని మీద పడే కుదుపు ఎక్కువ. అందుకే దాని భాగాలు తేలిక, ఆయుష్షు తక్కువ.

ఈ కుదుపులోనే ఎర్ర గీత అసలు కారణం ఉంది. పిస్టన్ ప్రతి చుట్టులోనూ పై కొసన ఒకసారి, కింది కొసన ఒకసారి పూర్తిగా ఆగి వెనుదిరగాలి. దాన్ని ఆపి వెనక్కి లాగే పని కనెక్టింగ్ రాడ్‌ది, అంటే పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీది. ఎస్2000 ఇంజిన్ 9,000 చుట్లు తిరుగుతున్నప్పుడు పై కొసన పిస్టన్ మీద పనిచేసే త్వరణం భూమ్యాకర్షణకు 4,000 రెట్లు మించుతుంది. పావు కిలో వస్తువు ఆ క్షణంలో టన్ను బరువై రాడ్‌ను, దాని కొసన ఉన్న బోల్టులను సాగలాగుతుంది. ఈ బలం చుట్లతో పాటు వరుసగా పెరగదు, వాటి వర్గంతో పెరుగుతుంది: చుట్లు రెట్టింపైతే బలం నాలుగింతలు. ఎర్ర గీతకు పదో వంతు మించితే ఏమవుతుందిలే అనుకునేవారు, భారం ఐదో వంతు పెరిగిందని లెక్క వేసుకోవాలి. అదే హోండా కంపెనీ 2004లో అమెరికాలో ఎస్2000 ఇంజిన్‌ను 2.2 లీటర్లకు పెంచడానికి స్ట్రోక్‌ను 90.7 మిల్లీమీటర్లు చేసినప్పుడు ఎర్ర గీతను 8,000కు దించింది. 9,000 పోయిందని అభిమానులు బాధపడ్డారు గానీ, స్ట్రోక్ పెరిగాక పిస్టన్ వేగాన్ని 24 మీటర్ల దగ్గర ఉంచాలంటే వేరే దారి లేదు.

పిస్టన్ తర్వాత వాల్వుల సంగతి. గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే ఈ కవాటాలను క్యామ్‌షాఫ్ట్ నెట్టి తెరుస్తుంది, స్ప్రింగు వెనక్కి నెట్టి మూస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ 9,000 చుట్లు తిరుగుతుంటే ప్రతి వాల్వూ సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక స్థాయి దాటాక స్ప్రింగుకు అంత తొందరగా మూసే శక్తి చాలక వాల్వు క్యామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది. అలా మూసుకోని వాల్వు ఎదురుగా వచ్చే పిస్టన్‌కు తగిలితే వంగిపోతుంది. డుకాటి మోటారుసైకిళ్లలో మూసే పని కూడా క్యామ్‌కే అప్పగించడం, 1986లో రెనో ఫార్ములా వన్ ఇంజిన్‌లో లోహపు స్ప్రింగుల బదులు ఒత్తిడి గల వాయువును వాడటం ఈ చిక్కు నుంచి బయటపడే ప్రయత్నాలే.

డ్రైవరు కాలు ఈ హద్దులను పట్టించుకోకపోయినా ఇంజిన్ బతికేందుకు పెట్టిన కాపలాను రెవ్ లిమిటర్ అంటారు. పాత స్పోర్ట్స్ కార్లలో ఇది డిస్ట్రిబ్యూటరులోని రోటరు మీద చిన్న స్ప్రింగు బిళ్ల రూపంలో ఉండేది. వేగం మించగానే అది విసురుకు బయటికి జరిగి ప్లగ్గులకు కరెంటు తెంపేసేది. ఇప్పుడు ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరు ఇంజెక్టర్లను కొన్ని క్షణాలు మూసేస్తుంది. చుట్లు తగ్గగానే మళ్లీ తెరుస్తుంది, డ్రైవరు కాలు తీయకపోతే మళ్లీ మూస్తుంది. కారు తడబడుతూ కొట్టుకుంటున్నట్టు వినిపించే శబ్దం దీనివల్లే. నిప్పురవ్వను ఆపడం కంటే పెట్రోలును ఆపడమే మేలు, ఎందుకంటే కాలని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండితే ఖరీదైన ఆ భాగం పాడవుతుంది. న్యూట్రల్‌లో నిలబడి యాక్సిలరేటరు తొక్కి రేజు చేస్తే చాలా కొత్త కార్లు 4,000 చుట్ల దగ్గరే ఆపేస్తాయి. లోడు లేని ఇంజిన్‌ను అంతకంటే తిప్పి సాధించేది ఏమీ లేదని తయారీదారుల లెక్క, సరైన లెక్కే.

ఓడ ఇంజిన్ల మీటరులో ఇక్కడ ఒక విచిత్రం కనిపిస్తుంది. వాటిలో ఎర్ర పట్టీ చివరనే కాక చాలాసార్లు మధ్యలో కూడా ఉంటుంది: ఇంజిన్ తోపుల తాళం, ప్రొపెల్లరు దాకా వెనక్కి సాగే పెద్ద షాఫ్ట్ సహజ కంపనంతో కలిసి, షాఫ్ట్ మెలితిరిగి విరిగే ప్రమాదమున్న వేగాల మేర అది. పూర్తి వేగంలో సగానికి అటూఇటూ ఉండే ఆ పట్టీలో ముల్లు నిలవకూడదు. ఇవతలైనా ఉండాలి, ఆగకుండా దాటి అవతలికైనా పోవాలి. కారులో క్రాంక్‌షాఫ్ట్ పొట్టిది, దాని కొసన కంపనాన్ని మింగే డ్యాంపరు ఉంటుంది, కాబట్టి మధ్యలో ఎర్రగీతల అవసరం పడదు.

ఇక రెండో ప్రశ్న, గేరు ఎక్కడ మార్చాలన్నది. పైన చూసిన ఓడకు గేరుబాక్సు లేదు. ప్రొపెల్లరు నేరుగా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, మామూలు ప్రొపెల్లరున్న ఓడ రేవులో వెనక్కి నడవాలంటే ఇంజిన్‌నే ఆపి ఎదురు దిక్కుకు తిప్పాలి. డీజిల్ రైలింజిన్‌కూ లేదు. అక్కడ డీజిల్ కరెంటు పుట్టిస్తే చక్రాలను తిప్పేది ఎలక్ట్రిక్ మోటార్లు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లలోనూ మార్చడానికి గేర్లు లేవు, ఎందుకంటే ఎలక్ట్రిక్ మోటారు నిలబడిన చోటు నుంచే పూర్తి బలం ఇస్తుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఆ అదృష్టం లేదు. వెయ్యి చుట్లకు దిగువన అది సరిగా లాగలేదు, ఆరేడు వేలు దాటితే నిలవలేదు. ఈ ఇరుకు పరిధితో సున్నా నుంచి రెండు వందల కిలోమీటర్ల వేగం దాకా కారును తీసుకుపోవాలంటే మధ్యలో అయిదారు పళ్ల జతలు కావాలి.

ఇంజిన్ ఇచ్చే బలాన్ని రెండు విధాలుగా కొలుస్తారు. షాఫ్ట్‌ను మెలితిప్పే బలం టార్క్, దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఆ మెలితిప్పడం ఎంత వేగంగా జరుగుతున్నదో కూడా కలిపి చూస్తే వచ్చేది శక్తి, అంటే హార్స్‌పవర్. రోడ్డు మీద కారును ముందుకు తోసేది ఇంజిన్ టార్క్ కాదు, గేరు దాన్ని పెంచి చక్రానికి అందించిన టార్క్. కింది గేరు ఎక్కువగా పెంచుతుంది, పై గేరు తక్కువగా పెంచుతుంది. కాబట్టి గేరు మార్చవలసిన చోటును తేల్చే సూత్రం ఒక్కటే: ప్రస్తుత గేరులో చక్రానికి అందుతున్న తోపు, పై గేరులో అందబోయే తోపు కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ అందులోనే ఉండాలి, తక్కువైన క్షణాన మార్చాలి. టార్క్ పతాకస్థాయికి చేరగానే మార్చాలన్నది, హార్స్‌పవర్ పతాకస్థాయి దగ్గర మార్చాలన్నది, ఎర్ర గీత దగ్గర మార్చాలన్నది, ఈ మూడూ చలామణీలో ఉన్న సలహాలే గానీ ఏదీ సూత్రం కాదు.

ఎస్2000 గేర్ల అంకెలతో దీన్ని దగ్గరగా చూడవచ్చు. దాని మొదటి గేరు నిష్పత్తి 3.133, రెండోది 2.045, మూడోది 1.481, నాలుగోది 1.161. రెండో గేరులో 9,000 చుట్ల దగ్గర మూడో గేరు వేస్తే కారు వేగం మారదు గానీ, ఇంజిన్ చుట్లు 1.481ని 2.045తో భాగించినంత మేరకు తగ్గి సుమారు 6,500కు పడతాయి. అదే మేరకు, అంటే దాదాపు 28 శాతం, గేరు బలాన్ని పెంచే శక్తి కూడా తగ్గుతుంది. 9,000 దగ్గర ఇంజిన్ టార్క్ 6,500 దగ్గర ఉన్నదానికంటే 28 శాతానికి పైగా పడిపోయి ఉంటే తప్ప ముందుగా గేరు మార్చడం నష్టమే. ఈ ఇంజిన్ టార్క్ పతాకస్థాయి 7,500 దగ్గర, శక్తి పతాకస్థాయి 8,300 దగ్గర ఉన్నాయి. 9,000కు చేరేసరికి టార్క్ కొంత తగ్గినా అంతగా తగ్గదు. కాబట్టి ఈ కారులో చివరిదాకా లాగడమే సరైన పద్ధతి. మరో కిటుకు కూడా ఉంది. హోండా వీటెక్ ఏర్పాటులో 6,000 దగ్గర వాల్వులను ఎక్కువగా తెరిచే రెండో క్యామ్ పనిలోకి దిగుతుంది. 9,000 దగ్గర మారిస్తే ముల్లు పడేది 6,500 దగ్గర, అంటే ఆ గడప పైనే. తొందరపడి 7,500కే మారిస్తే ముల్లు 5,400కు పడి, రెండో క్యామ్ నిద్రలోకి జారుకుంటుంది. మూడు నుంచి నాలుగుకు మారిస్తే పడేది 7,000 దగ్గర. పై గేర్లకు పోయేకొద్దీ నిష్పత్తులు దగ్గరపడటం వల్ల పతనం తగ్గుతుంది. స్పోర్ట్స్ కారు గేరుబాక్సుకూ కుటుంబ కారు గేరుబాక్సుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఈ దగ్గరితనమే.

ఎస్2000 భారతీయ షోరూములకు రాలేదు. ఆ రుచిని కాస్తయినా ఇక్కడివారికి చూపించింది ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో అమ్ముడైన 106 హార్స్‌పవర్ హోండా సిటీ వీటెక్. ఈనాడు దేశంలో మాన్యువల్ గేరుతో దొరికే చురుకైన కార్లు ఎక్కువగా టర్బో ఇంజిన్లవి. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలోని 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ 1,600 నుంచి 3,500 చుట్ల వరకు 250 న్యూటన్ మీటర్ల టార్క్, 5,000 నుంచి 6,000 వరకు 150 హార్స్‌పవర్ ఇస్తుంది. వెయ్యి చుట్ల మేర శక్తి సమంగా ఉన్నదంటే ఆ మేర టార్క్ దిగిపోతున్నదనే అర్థం: లెక్క వేస్తే 5,000 దగ్గర సుమారు 210, 6,000 దగ్గర 175 న్యూటన్ మీటర్లు మిగులుతాయి. పై గేరు వేస్తే బలం పెంపు తగ్గినా, చుట్లు టార్క్ నిండుగా ఉన్న చోటుకు పడతాయి గనుక తోపులో తేడా బహు స్వల్పం. 6,000 దాటించి లాగితే శక్తే పడిపోతుంది, అక్కడ కాలు తొక్కి పట్టుకోవడం నష్టం. డీజిల్‌లో ఇది మరీ స్పష్టం. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ 2,000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్లు ఇచ్చి, 4,000 దగ్గర 75 హార్స్‌పవర్‌తో శక్తి పతాకస్థాయికి చేరి, ఆ పైన చప్పుడు తప్ప పికప్ ఇవ్వదు.

హద్దు కింది వైపు కూడా ఉంది. పొదుపు కోసం మీటరులో బాణం గుర్తు చాలా కార్లలో 2,000 చుట్ల దగ్గరే పై గేరు వేయమంటుంది. చదునైన జాతీయ రహదారి మీద అది మంచి సలహా. సింహాచలం మెట్ట ఎక్కేటప్పుడు పై గేరులో 1,200 చుట్ల దగ్గర యాక్సిలరేటరు అదిమితే మాత్రం ఇంజిన్ కొట్టుకుంటుంది. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో తక్కువ వేగం, ఎక్కువ భారం కలిసినప్పుడు పెట్రోలు సమయానికి ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీయడం నిజంగా జరిగే ప్రమాదం. ఎర్ర గీతంటే భయపడేవారు చాలామంది ఈ కింది హద్దును రోజూ నిశ్చింతగా దాటుతుంటారు.

రేసుల్లో హద్దు గీసేది లోహం ఒక్కటే కాదు, నిబంధన కూడా. తెలుగు కుటుంబాలు తరతరాలుగా మిల్లులు నడిపిన కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారును తయారుచేసి దేశంలో యువ డ్రైవర్లకు బడి తెరిచాడు. ఆ ఊరివాడే, ఆ కార్లలోనే తొలి పాఠాలు నేర్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లోకి వెళ్లి, ఆరు కార్లే పరుగెత్తిన ఆ ఏటి అమెరికా పోటీలో నాలుగో స్థానం పొందాడు. అప్పటి పది సిలిండర్ల ఇంజిన్ల వేగానికి నిబంధనల్లో పరిమితి లేదు. 2007లో 19,000 చుట్లకు, 2009లో 18,000కు, 2014లో కొత్త టర్బో ఇంజిన్లతో 15,000కు హద్దు పెట్టారు. ఖర్చు తగ్గించడానికీ, ఒకే ఇంజిన్‌తో ఎక్కువ పోటీలు నడిపించడానికీ గీసిన గీతలివి. 2011లో బుద్ధ్ సర్క్యూట్‌లో స్వదేశపు మొదటి పోటీలో పాల్గొనేనాటికి కార్తికేయన్ నడిపిన కారులో ఇంజిన్ తిరగగలిగినంత కాకుండా తిరగనిచ్చినంతే తిరిగింది.

రెవ్ లిమిటర్‌కు ఉన్న పెద్ద లోపం ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది. లిమిటరు చేయగలిగింది పెట్రోలు ఆపడమే. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు పెట్రోలు ఆపితే ఒరిగేది లేదు. అరకు నుంచి గాలికొండ, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగే దారిలో అనుభవం ఉన్న డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలంటారు. రెండో మూడో గేరులో కాలు తీసేస్తే ఇంజిన్ లోపలి ఒరిపిడి, గాలిని పీల్చే శ్రమ కలిసి కారును పట్టి ఉంచుతాయి, బ్రేకులు వేడెక్కవు. పైగా ఇంజెక్షన్ కార్లలో ఆ సమయంలో కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవారు రెండు విధాలా నష్టపోతున్నారు: ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

అయితే దిగుడులో తప్పు గేరు పడితే ఏ కంప్యూటరూ కాపాడలేదు. ఎస్2000 నాలుగో గేరులో 5,000 చుట్ల దగ్గర మూడు వేస్తే ముల్లు 6,400 దగ్గరకు ఎక్కుతుంది, ఏ హానీ లేదు. చెయ్యి జారి మూడుకు బదులు ఒకటి పడి క్లచ్ వదిలితే ఇంజిన్ 13,500 చుట్లు తిరగవలసి వస్తుంది. అంటే రాడ్ల మీద భారం ఎర్ర గీత దగ్గర ఉన్నదానికి రెండింతలు దాటుతుంది, వాల్వులు పిస్టన్లను తాకుతాయి. అంత తేడా ఉన్న వేగాలను కలపడానికి గేరుబాక్సులోని సింక్రోమెష్ అనే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది గానీ, బలంగా నెట్టే చేతిని అది ఎల్లప్పుడూ ఆపలేదు. స్టీరింగు ఎడమవైపు ఉండే దేశాల్లో మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు లివరును ఒంటివైపు గుంజితే రెండు పడుతుంది. ఇంజిన్లు బద్దలైన కథల్లో చాలావాటికి మూలం అదే. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి అదే పొరపాటుకు ఆరో గేరు పడి కారు నీరసించి ఊరుకుంటుంది. ముప్పు తొలగిపోలేదు, పై గేరు వేసేటప్పటి నుంచి కింది గేరు వేసేటప్పటికి మారింది: నాలుగు నుంచి మూడుకు నెట్టేటప్పుడు చెయ్యి అవతలికి పోతే ఒకటి, అయిదు నుంచి నాలుగుకు లాగేటప్పుడు పోతే రెండు. అందుకే లివరును పిడికిలితో పట్టకుండా అరచేతితో నెట్టాలని, న్యూట్రల్ దగ్గర స్ప్రింగు దాన్ని మధ్యకు తెచ్చే దాకా ఆగాలని నేర్పుతారు.

ఎర్ర గీత అన్ని వేళలా ఒకే చోట ఉండదన్న సంగతి కూడా గుర్తించదగ్గది. విశాఖ ఎండలో ఉదయాన ముప్పై డిగ్రీలున్నా, తొంభై డిగ్రీల దగ్గర పనిచేయడానికి తయారైన ఇంజిన్ ఆయిలుకు అది చల్లదనమే. నీటి వేడి మీటరు మధ్యకు వచ్చిన చాలాసేపటికి గానీ ఆయిలు పలచబడదు. బీఎండబ్ల్యూ తన ఎం కార్లలో కొన్నింటికి మీటరు చుట్టూ పసుపు దీపాలు పెట్టి, చల్లగా ఉన్నప్పుడు తక్కువ చుట్ల దగ్గరే హద్దు చూపించి, ఆయిలు వేడెక్కేకొద్దీ ఒక్కొక్క దీపాన్నే ఆర్పుతూ హద్దును పైకి జరిపింది. మిగతా కార్లలో ఈ పని డ్రైవరు ఓపికకు వదిలేశారు.

మాన్యువల్ స్పోర్ట్స్ కారును పాతదిగా కొనేవారికి ఈ వివరాలన్నీ డబ్బు రూపంలో ఎదురవుతాయి. పోర్షే 911 ఇటీవలి తరాల్లో ఇంజిన్ కంప్యూటరు, హద్దు మించిన వేగాలను ఆరు శ్రేణులుగా విడదీసి, ఒక్కో శ్రేణిలో ఎన్నిసార్లు ప్లగ్గు వెలిగిందో, చివరిసారి అది జరిగినప్పుడు ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచి ఉన్నదో రాసి పెట్టుకుంటుంది. కింది శ్రేణుల్లో వేల సంఖ్యలు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. అవి యజమాని లిమిటరు దాకా లాగిన గుర్తులు. పై శ్రేణుల్లోకి ఇంజిన్ తన బలంతో ఎక్కలేదు, తప్పు గేరు పడితేనే ఎక్కుతుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకు మూడుసార్లు ప్లగ్గులు వెలుగుతాయి గనుక 10,000 చుట్ల దగ్గర సెకనుకు 500 సార్లు. పై శ్రేణిలో 50 అని ఉంటే ఎవరో ఒకసారి పదో వంతు సెకను పాటు తప్పు గేరు వేసి వెంటనే క్లచ్ తొక్కారన్నమాట. ఆ తర్వాత ఇంజిన్ కొన్ని వందల గంటలు ఇబ్బంది లేకుండా నడిచి ఉంటే కొనేవారు బేరం మాట్లాడుకోవచ్చు. నడిచింది రెండు మూడు గంటలే అయితే, ఇంజిన్ విప్పి చూపించమని అడగడం అనుమానం కిందికి రాదు.